చట్టానికి కొమ్ము

కనీస వేతనం పెరిగిన వారంలోనే తమిళనాడు గుడియాత్తంలోని దొరైస్వామిగారి లుంగీల షెడ్డులో కూలివాళ్లన్న జాతి అంతరించిపోయింది. ఎవరినీ పనిలోంచి తీసేయలేదు. అంత పాపానికి ఒడిగట్టే మనిషి కాదాయన. అందరినీ చుట్టాలను చేసుకున్నాడు, అంతే.

పుష్పవతి మాత్రం ఆ పెంపు మీద కొండంత ఆశ పెట్టుకుంది. ఆ షెడ్డులో కండెలు చుట్టే మనిషి ఆమె. ఈమధ్య తెగిన పోగు కంటికి ఆనడం లేదు. పెరిగిన కూలి చేతికి రాగానే వేలూరు వెళ్లి కళ్లద్దాలు వేయించుకోవాలనుకుంది. పోగు కనబడకపోతే పనే పోతుంది మరి.

దొరైస్వామి మరమగ్గాలు ఆపించి ప్రసంగించాడు.

"అప్పా, అమ్మా! కూలోళ్లనే మాట వింటేనే నాకు కడుపు రగులుతా ఉండాది. ఇయ్యాల్టి నుంచి మీరంతా నా సొంత మనుషులు. సొంత మనుషులకి యాడన్నా కూలి కట్టిస్తారా? చేతిఖర్చుకి ఇస్తారు!"

ఆ చేతిఖర్చు పాత కూలికి సరిగ్గా సమానం కావడం దైవఘటన. నేత నేసే అంకప్ప మేనమామ అయ్యాడు. పుష్పవతికి చిన్నమ్మ పదవి దక్కింది. ఆ ఊళ్లో చాలామందిలాగే దొరైస్వామికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అయినా చట్టానికి కొమ్మిస్తే చుట్టమవుతుందని ఏ పంతులూ చెప్పకుండానే కనిపెట్టాడు. ఇలాంటి పండితుణ్ణి ప్రభుత్వం ఇంకా సన్మానించకపోవడం విచారకరం.

వేలూరు నుంచి తనిఖీకి సురేంద్రన్ అనే అధికారి వచ్చి, "ఈయన నీకేమవుతాడమ్మా?" అని పుష్పవతిని అడిగాడు. ఆమె దొరైస్వామి ముఖం చూసింది. నిజం చెబితే రేపటి నుంచి పని ఉండదు.

"కొడుకు వరస సార్" అంది.

అధికారి ఆ కుటుంబ వాత్సల్యానికి కరిగిపోయి, రెండు లుంగీలు పుచ్చుకుని వెళ్లాడు.

అంతలో దొరైస్వామి మనవడికి చెవులు కుట్టే పండగ వచ్చింది. కూలివాళ్లయితే వచ్చి తినిపోవచ్చు. చుట్టాలన్నాక చదివింపులు తప్పవు గదా. వాళ్లకు శ్రమ ఎందుకని ఆయనే చేతిఖర్చులోంచి ముందుగా పట్టుకున్నాడు. ఆ విధంగా చట్టప్రకారం వేతనం పెరిగింది, పుష్పవతి చేతికి వచ్చేది తగ్గింది. ఆమెకు ఒళ్లు మండింది. చుట్టరికమంటే చుట్టరికమే అనుకుని, పందిట్లో పెద్దవాళ్ల వరసలో వెళ్లి కూర్చుంది.

నలుగురి ముందు తప్పక దొరైస్వామి చీర పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "చీరొద్దు నాయనా. చిన్నమ్మంటే అమ్మ తర్వాత అమ్మే గదా. నాకు కండ్లద్దాలు కొనియ్యి. పోగు కనపడక అల్లాడతా ఉండాను."

"కూలికొచ్చేదానికి కండ్లద్దాలు నేను కొనియ్యాల్నా?" అని దొరైస్వామి కేకేశాడు.

నిజం నలుగురిలో, అదీ యజమాని నోటనే బయటపడింది. ముందు వరసలో ఆకు ముందు కూర్చున్న సురేంద్రన్ పాయసం జుర్రుకుని, "భోజనాల దగ్గర ఆఫీసు మాటలు ఎత్తకూడదమ్మా" అని పుష్పవతినే మందలించాడు.

మర్నాడు షెడ్డుకు మరో చిన్నమ్మ వచ్చింది.

పుష్పవతి ఇప్పుడు ఒక ఇంట్లో అంట్లు తోముతోంది. దానికి అంత చూపు అక్కర్లేదు. జీతం కాస్త పెంచమంటే, "నువ్వు మా ఇంటి మనిషివే గదా, జీతం మాటెందుకు" అన్నారట. ఏ ఇల్లో చెప్పను. ఈ కథ చదివి దొరైస్వామిని తిట్టుకుంటున్న ఇల్లే.