నిద్రా సౌభాగ్యం

కొత్త పథకంతో అరవై దాటినవాళ్లంతా ఇకపై హాయిగా నిద్రపోతారని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. నిద్ర సరిగా లేకపోతే పెద్దవాళ్ల గుండెకు ముప్పని డాక్టర్లు ఆయనకు చెప్పారట. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోనందుకు ఆయన వేదిక మీదే కళ్లు తుడుచుకున్నారు.

టీవీలో అది చూసి దర్జీ భార్యకు ప్రాణం లేచొచ్చింది. ఆమె భర్తకు డెబ్బై ఒకటి. పడుకుంటే గురక, గురక మధ్యలో ఊపిరి ఆగిపోవడం. నిద్రలో చేసే పరీక్ష ఒకటి చేయించమని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఆ పరీక్ష కోసమే ఆమె పథకంలో ఆయన పేరు రాయించింది.

మూడో రోజు రాత్రి రెండింటికి ఫోన్ మోగింది.

"నిద్రా సౌభాగ్యం నుంచండీ. పెద్దాయన నిద్రపోతున్నారా?"

"ఇప్పటిదాకా పడుకునే ఉన్నారు. మీ ఫోన్‌కి లేచారు."

"అంటే నిద్ర పట్టిందన్నమాట. థాంక్యూ అమ్మా."

"బాబూ, ఆ పరీక్ష..."

"నిద్ర పట్టేవాళ్లకి పరీక్షెందుకమ్మా?"

రోజూ రెండింటికే అడిగారు. ప్రజల నిద్ర గురించి ఇంత శ్రద్ధగా వాకబు చేసిన ప్రభుత్వం ఇంకోటి ఉండదు. నెల తిరక్కుండా నూటికి నూరుమందీ నిద్రపోతున్నారని తేలింది. ఇక గుండెజబ్బులు ఎలాగూ రావు గనక పెద్దాసుపత్రి గుండె వార్డులో సగం మంచాలు ఎత్తేసి, అక్కడ పథకం ఆఫీసు పెట్టారు.

ఓ ఉదయం దర్జీ చొక్కాగుడ్డ కత్తిరిస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. భార్య ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది. ఆసుపత్రి గుమాస్తా కంప్యూటర్ చూసి చిరునవ్వు నవ్వాడు.

"ఈయనకి గుండెనొప్పి రాదమ్మా. నెలంతా బాగా నిద్రపోయారు."

"వచ్చింది నాయనా! ఆ చెమటలు చూడు!"

"అయితే నిద్రపోలేదని అర్జీ పెట్టండి. ఆయన సంతకం కావాలి."

ఆమె అర్జీ పెట్టలేదు. "డాక్టరమ్మా!" అని వార్డు అదిరేలా కేక పెట్టింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, మిగిలిన మంచాల్లో ఒకదాని మీద పడుకోబెట్టి వైద్యం మొదలుపెట్టింది. సాయంత్రానికి గండం గడిచింది.

అప్పుడే పక్క మంచం దగ్గర హడావుడి. మంత్రిగారు! ఛాతీ మీద చెయ్యి, మొహాన నెత్తురుచుక్క లేదు.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా సార్?" డాక్టరమ్మ అడిగింది.

"ఎనిమిది గంటలు!" అన్నాడు పీఏ. "రాసుకోండి."

డాక్టరమ్మ రాసుకుంది. పీఏ అదే మాట విలేకరులకు చెప్పడానికి బయటికి వెళ్లాడు. డాక్టరమ్మ మందులు తేవడానికి వెళ్లింది. తలుపు మూసుకునేదాకా ఆగి, మంత్రిగారు దర్జీ భార్య వైపు ఒత్తిగిలారు.

"నాలుగేళ్లయిందమ్మా, కంటిమీద కునుకు లేదు," అన్నారు గుసగుసగా. "ఎవరికి చెప్పుకోవాలి?"