ఇరవై తులాల గాలి

మనిషికైనా, విమానానికైనా బరువే గౌరవం!

ఈ మహాసత్యాన్ని ఉదయగిరి కొండ మీద, మైకు పట్టుకుని, హైస్కూలు కమిటీ చైర్మన్ సురేంద్రబాబు గారు లోకానికి ప్రకటించారు. దానికి నేను సాక్షిని. చప్పట్లు కూడా కొట్టాను. ముందు వరుసలో కుర్చీ వేసినవాళ్ళకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

సంగతేమిటంటే, మా బడి సైన్సు టీచరు కృపారాణి ఒక గ్లైడరు తయారుచేసింది. అంటే మోటారు లేని బొమ్మ విమానం. కొండకు కొట్టుకుని పైకి లేచే గాలి మీదే తేలుతుంది. మనం నేల మీద నిలబడి రిమోటుతో తిప్పుకోవచ్చు. బడిలో పాత స్టోరు గది ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని పిల్లల సైన్సు క్లబ్బుకు ఇమ్మని ఆమె రెండేళ్ళుగా అర్జీలు పెడుతోంది. చైర్మన్ గారికి అదే గది తన ఫ్లెక్సీలు దాచుకోవడానికి కావాలి. పుట్టినరోజువి, పండగలవి, పరామర్శలవి, ఎన్ని మొహాలు! వానకు తడిస్తే నవ్వు చెదిరిపోతుంది మరి! చివరికి కమిటీ తీర్మానించింది: "సదరు గ్లైడరు బహిరంగముగా ఐదు నిమిషములు గాలిలో నిలిచిన యెడల సదరు గది సైన్సుకు, నిలవని యెడల ఫ్లెక్సీలకు."

ఆ రోజు గాలి చూడాలి! మా కొండగాలి సంగతి మీకు తెలియదు. ఒకసారి ఆత్మకూరు నుంచి వస్తున్న బస్సును అది ఎంత నెట్టిందంటే, డ్రైవరు పొద్దంతా ముందుకే తోలాడు, జనం మాత్రం ఆత్మకూరులోనే దిగారు. నేను అబద్ధం చెబితే ఆ బస్సునే అడగండి.

కృపారాణి గాలి జోరు చూసి, సంచిలోంచి సోమశిల జాలర్లు వలలకు కట్టే సీసం గుండ్లు తీసింది.

"అయ్యేందమ్మా టీచరమ్మా?" అన్నారు చైర్మన్ గారు.

"బరువు సార్. ఇంత గాలిలో తేలిగ్గా ఉంటే ఎదురు పోలేదు, వెనక్కి కొట్టుకపోతాది. రెక్కల కింద ఈ పెట్టెలో, సరిగ్గా తూకం నిలిచేకాడ, రెండొందల గ్రాములు పెడితే గాలిని చీల్చుకోని పోతాది."

"చేపల కంపు గుండ్లా! ఈడ ఇంతమంది పెద్దమనుషులుండగా సోమశిల నుంచి బరువు తెప్పించినావా? మండలంలో బరువైనోడు ఎవురంటే పసిబిడ్డ గూడా మా ఇల్లే చూపిస్తాది!"

"అది వేరే బరువు సార్..."

"బరువులో వేరేదేందమ్మా!" అంటూ ఆయన మెడలోని పతకం తీశారు.

పోయినేడు ఏదో సంఘంవారు సన్మానం చేసి వేసిన 'సేవారత్న' పతకం అది. ఇరవై తులాల నిండు బంగారమని ఆయనే చెప్పారు. ఆయన చెప్పారు కనుక మేమంతా నమ్మాం. నమ్మనివాడి వీధికి కుళాయి రాదు.

"ఇరవై తులాలంటే నీ రెండొందల గ్రాములే గదా?"

కృపారాణి చెయ్యి చాచింది.

"ముట్టొద్దు! చేతి చెమట తగిలితే మెరుగు పోతాది."

చెమటకు మెరుగు పోయే బంగారం! హెడ్మాస్టరు రమణయ్య నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. చైర్మన్ గారు స్వహస్తాలతో పతకాన్ని పెట్టెలో పెట్టి, మూతకు టేపు అంటించి, ఫొటో దిగి, అప్పుడు మైకులో ఆ మహాసత్యం ప్రకటించారు.

కృపారాణి గ్లైడరును ఎత్తింది. దింపింది. మళ్ళీ ఎత్తింది.

"సార్... బరువు చాలదేమో సార్."

"నా బరువు నీకు చాలదా?"

కృపారాణి గాలికి ఎదురు తిరిగి విసిరింది.

గ్లైడరు ముందుకు పోలేదు. గాల్లో కాసేపు నిలబడి ఆలోచించింది. తర్వాత తోకవైపుకే ప్రయాణం కట్టి, మా తలల మీదుగా, షామియానా మీదుగా పోయి కంపలో పడింది. దారిలోనే టేపు ఊడి పతకం బయటికొచ్చింది. అయ్యా, ఇరవై తులాల బంగారం ఎండుటాకులా పల్టీలు కొడుతూ, రిబ్బను ఊపుకుంటూ, గ్లైడరు కన్నా పైకి పోయింది! రిమోటు కూడా లేకుండా!

ఇక్కడ ఒకటి గమనించాలి. అంత బంగారం పొదల్లో పడితే ఏ ఊళ్ళోనైనా తొక్కిసలాట జరగాలి. రెండొందల మందిలో ఒక్కడూ కదల్లేదు. చైర్మన్ గారి సొంత డ్రైవరు శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

"తొమ్మిది సెకండ్లు!" చైర్మన్ గారు వాచీ చూసి గర్జించారు. "రాయండి హెడ్మాస్టరూ! సదరు గ్లైడరు విఫలమైనందున గది..."

"కారణం గూడా రాయండి సార్," అంది కృపారాణి. కంపలోంచి తెచ్చిన గ్లైడరు చేతిలో ఉంది. "ఇరవై తులాల నిండు బంగారం పెట్టినా బరువు చాలక పడిపోయిందని రాయండి."

హెడ్మాస్టరు పెన్ను ఆగింది. రీఫిల్లు అయిపోయిందన్నాడు. పొద్దున కొన్న పెన్ను!

అంతలో పొదల్లోంచి, మేకలు తోలుకుంటూ ఓబమ్మ వచ్చింది.

"ఎవురిదయ్యా ఈ ప్లాస్టిక్ బిళ్ళ? మా మేక రెండుసార్లు నమిలి ఉమ్మేసింది!"

బిళ్ళ అంచు విరిగి, బంగారు రంగు లేచిపోయి, లోపల తెల్లగా ఉంది. 'సేవారత్న' అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. జనమంతా చైర్మన్ గారి వంక చూశారు.

"నాది కాదు," అన్నారాయన.

"మరి పెట్టెలో మీరు పెట్టిందేంది బాబూ?" అన్నాను. ముసలివాణ్ణి, నాకు ఏదీ ఒక పట్టాన అర్థం కాదు.

"ఏం పెట్టలా! నా పతకం ఇంట్లో బీరువాలో ఉండాది. ఫొటో కోసం ఊరికే పెట్టినట్టు చేసినా!"

"అట్టయితే బరువు పెట్టకుండానే ఎగరేసినాం గదా? పరీక్షే జరగలా! ఏమయ్యా రమణయ్యా, రాసుకో. పెట్టెలో ఏమీ పెట్టలేదని చైర్మన్ గారే సెలవిచ్చినారు, కనుక మళ్ళీ పరీక్ష," అన్నాను.

రీఫిల్లు వెంటనే పనిచేసింది.

కృపారాణి చిరిగిన రెక్కకు టేపు వేసి, సీసం గుండ్లు పెట్టి, వేలి మీద తూకం చూసి విసిరింది. ఈసారి గ్లైడరు గాలికి ఎదురొడ్డి, ఈల వేస్తూ కొండ అంచు మీద తిరిగింది. దాన్ని చూసి ఒక గద్ద సిగ్గుపడి చెట్టు మీద వాలింది. ఐదు నిమిషాలు కావస్తుండగా చైర్మన్ గారి వాచీ ఆగిపోయింది. జనం వాచీలు ఆగలేదు. పదకొండు నిమిషాలు!

గది కాగితం ముందు పెట్టారు. చైర్మన్ గారు సంతకం చేస్తుంటే ఓబమ్మ మళ్ళీ వచ్చింది.

"అయ్యా, ఇది నిజంగా నీది కాదు గదా?"

"కాదని చెప్పినా గదా!" అన్నారాయన కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఓబమ్మ దాన్ని మేకకు కట్టింది. మండలంలోకెల్లా పెద్ద బరువు మెడలో పడింది. మేక తలైనా వంచకుండా కొండ దిగిపోయింది.