మా వీధి గుంట

పదింటికల్లా వంట ముగించి, తీరిగ్గా రేడియో ముందు కూర్చోవాలని ఆ ఉదయం అరుణశ్రీ అనుకుంది. ఆమె రాసిన కథ ఆ రోజే పదింటి కథల కార్యక్రమంలో వస్తుంది. కుళాయి గొట్టాల కోసం గేటు ఎదుట తవ్వి, పూడ్చకుండా వదిలేసిన గొయ్యి గురించి చెప్పవలసినవాళ్ళందరికీ చెప్పి, విసిగి, ఆ కోపంతో రాసిన కథ. బొబ్బిలిలో ఆడవాళ్ళు ఆ కార్యక్రమాన్ని వదలరు. అందులో రాజులూ దెయ్యాలూ ఉండరు. చుట్టాలూ, చీపుళ్ళూ, నీళ్ళు కలిపిన పాలూ ఉంటాయి. విన్న ప్రతివాళ్ళూ అది పక్కింటివాళ్ళ కథేనని తృప్తిపడతారు.

"ఇప్పుడు వింటారు, కథ. మా వీధి గుంట. రచన, అరుణశ్రీ," అంది అనౌన్సరు కుసుమకుమారి.

అరుణశ్రీ చేతిలో గరిటె ఆగిపోయింది. తను రాసింది గొయ్యి. ఈ ఊళ్ళో గుంట అంటే ఆడపిల్ల.

"ఈ గుంట మా వీధిలోకి వచ్చి ఆర్నెల్లయింది. చీకటి పడితే మగవాళ్ళు మరీ పడిపోతున్నారు. మొన్న పాలాయన పడ్డాడు. నిన్న మా ఆయనే పడ్డారు. పెద్దవాళ్ళకి చెబితే చూద్దామంటారు..."

గొట్టాల సంగతి ఇంకా రానేలేదు, ఎదురింటి తవిటమ్మ అట్లకాడతో గేటు తోసుకుని వచ్చేసింది. ఆమె కూతురు యమున చదువు ముగించి ఇంటికొచ్చి ఆర్నెల్లే అయింది. మర్నాడే ఒక ల్యాబులో ఉద్యోగానికి చేరాలి.

"ఏటే అరుణశ్రీ! నీ మొగుడు పడిపోతే మా గుంటని రేడియోకెక్కిస్తావేటి?"

"అయ్యో వదినా, అది మీ గుంట కాదు. రోడ్డు గుంట!"

"రోడ్డు గుంటా? మా గుంట రోడ్లమ్మట తిరుగుతాదనా?"

అరుణశ్రీ ఆమెను చెయ్యి పట్టి లాక్కెళ్ళి గొయ్యి చూపించింది. తవిటమ్మ గొయ్యి వైపూ అట్లకాడ వైపూ మార్చి మార్చి చూసి, "ముందే సెప్పి సావొచ్చు కదేటి," అంది. అక్కడితో సరిపోయేదే. ఈలోగా మూలింటి దాలమ్మ బియ్యం కొట్లో ఉన్న యమున తండ్రి జగన్నాధానికి ఫోన్ చేసేసింది.

ఆయన వస్తూనే కూతురి స్కూటీ తాళం లాక్కున్నాడు. "రేపు డ్యూటీ లేదు, గీటీ లేదు. ఇంట్లో కూకో!"

"నాన్నా, అది గొయ్యి!" అని అరిచింది యమున. "గొయ్యిలో ఎవుడో పడితే నా ఉద్యోగం పోవాలేటి?"

"గొయ్యో, నుయ్యో! జనం నోరు ఎవుడు మూస్తాడు?"

అరుణశ్రీ ఒళ్ళు మండిపోయింది. రేడియోకి ఫోన్ చేసింది. గొయ్యిని గుంట ఎవరు చేశారని నిలదీసింది.

"నేనేనండీ," అంది గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన కుసుమకుమారి. "మా వైపు రెండూ ఒకటే. గొయ్యి అంటే ఎవరినో పాతిపెట్టబోతున్నట్టు ఉందని మార్చాను."

"మీ వైపు సరే, మా వైపు ఒక పిల్ల ఉద్యోగం పోతోంది. ఇప్పుడే దిద్దండి!"

కుసుమకుమారి పాట ఆపి మరీ దిద్దింది. "ఉదయం కథలోని గుంట ఏ కుటుంబానికీ చెందినది కాదు. ఏ తల్లిదండ్రుల మనసైనా నొచ్చుకుంటే మన్నించాలి."

జగన్నాధం ఎగిరిపడ్డాడు. "ఏ కుటుంబానికీ సెందనిదా! మా గుంటకి అమ్మా బాబూ లేరనా? ఆ రేడియో ఉంటాదో, నేనుంటానో!"

కూతురి స్కూటీ తీశాడు. "నీ సంగతి వచ్చి సూస్తాను!" అని అరుణశ్రీ వైపు వేలు చూపిస్తూ, వెనక్కి తిరిగి అరుస్తూ, తిన్నగా వెళ్ళి గొయ్యిలో పడ్డాడు. ఆయన మీద స్కూటీ పడింది.

యమున ముందు బండి లేపి, తాళం తన సంచిలో వేసుకుని, ఆ తరవాత తండ్రిని ఆటో ఎక్కించింది. తవిటమ్మ, అరుణశ్రీ కూడా ఎక్కారు.

"ఎలా పడిపోనావు మావా?" అని అడిగింది ఆసుపత్రిలో నర్సు.

"మా ఈది..." అని జగన్నాధం ఆగిపోయాడు. బల్లల మీదున్నవాళ్ళంతా పొద్దున్న కథ విన్నవాళ్ళే. చెవులు రిక్కించారు.

"గొయ్యి," అన్నాడు. "గొయ్యమ్మా. గొయ్యనే రాయి. నీకు దణ్ణం పెడతాను, గొయ్యి!"

ఆ రోజు తన కథని సరిగ్గా చదివినవాడు ఈయనొక్కడేనని అరుణశ్రీకి అనిపించింది.

మర్నాడు యమున స్కూటీ మీద డ్యూటీకి వెళ్ళింది. ఆపాలంటే జగన్నాధం మంచం దిగాలి. దిగొద్దని డాక్టరు చెప్పాడు.