రెండు రోకళ్ళు

ఆ ఆదివారం పొద్దున్నే అన్నపూర్ణేశ్వరి తలంటుకుని, ఢిల్లీ అశోకా రోడ్‌లో దొరికే మన తెలుగు భోజనానికి వెళ్దామని చీర కూడా తీసి మంచం మీద పెట్టుకుంది. నెలకో ఆదివారం ఆవిడా, భర్త రామమూర్తీ, కింది వాటాలో ఉండే కస్తూరి, లక్ష్మీపతి దంపతులూ కలిసి వెళ్ళడం ఆనవాయితీ. మగవాళ్ళిద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే గది. ఆ గదిలో మూడో కుర్చీ బసవపున్నయ్యది. కుర్చీకి ఆయన కోటు ఉండేది గాని ఆయన ఉండేవాడు కాదు.

సాకేత్‌లో మేడ మీద రేకుల గది వీళ్ళది. నీళ్ళు కావాలంటే వీధి కుళాయి నుంచి మెట్లెక్కి మోసుకు రావాల్సిందే. సోమవారం పని చూపించి మెప్పిస్తే ఇద్దరికీ ఉద్యోగం పర్మనెంటు, ఆ వెనకే కుళాయి ఉన్న గవర్నమెంటు క్వార్టరు. అన్నపూర్ణకి ఆ కుళాయి కలలోకి కూడా వచ్చేది.

"నేను రాను. ఆ లక్ష్మీపతితో కలిసి తిననుగాక తినను" అన్నాడు రామమూర్తి, పేపరు దించకుండానే.

కదిపితే సంగతి బయటపడింది. ఆఫీసులో ఇద్దరూ చెరో ఎలక్ట్రానిక్ బోర్డు చేశారు. ఒకదాని చిప్పు రెండోదాని చిప్పుకి తీగ మీద అంకెలు ఒకదాని వెనక ఒకటి పంపాలి. పక్కన ఇంకో తీగ మీద దరువు నడుస్తుంది. దాన్ని ఒక చిప్పే వెయ్యాలి, రెండోది విని అడుగు కలపాలి. ఎవరు ఏది చెయ్యాలో చిప్పులో ముందే రాసి పెట్టాలి. ఒకే రోట్లో రెండు రోకళ్ళతో దంచేటప్పుడు ఒకావిడ "హుఁ" అంటే రెండో ఆవిడ ఆ సందులో పోటు వెయ్యదూ, అలాగన్నమాట.

చిక్కల్లా పుస్తకంతో వచ్చింది. అందులో దరువు వేసేదాన్ని యజమాని అనీ, వినేదాన్ని బానిస అనీ రాశారు. ఉద్యోగంలో ముందు చేరింది రామమూర్తి, వయసులో పెద్ద లక్ష్మీపతి. ఎవరి చిప్పుని వాళ్ళు యజమానిగా పెట్టుకున్నారు. శుక్రవారం కలిపి చూస్తే రోకలికి రోకలి తగిలింది.

"ఏమండీ, పెద్దరికం మీ దగ్గరే ఉంచుకోండి, చిప్పుని మాత్రం వినమనండి. ఆయనకి చెప్పకండి, చిన్నబుచ్చుకుంటారు. గెలిచాననుకోనివ్వండి పాపం. మనకి కుళాయి వస్తుంది" అంది అన్నపూర్ణ.

రామమూర్తి పగలంతా గొణిగి, సాయంత్రం కాఫీ తాగాక మెత్తబడ్డాడు. సోమవారం అందరికన్నా ముందే వెళ్ళి తన చిప్పులో రాత మార్చేశాడు.

డైరెక్టరు చద్దా పై ఆఫీసు పెద్దలని వెంటబెట్టుకొచ్చాడు. స్విచ్చి వేశారు. ఏమీ కదల్లేదు. రామమూర్తి ఉదారంగా లక్ష్మీపతి వంక చూశాడు. లక్ష్మీపతీ అంతకన్నా ఉదారంగా ఇటే చూస్తున్నాడు. పంక్తిలో పెద్దాయన ముద్ద ఎత్తితే గాని ఎత్తమన్నట్టు రెండు చిప్పులూ చేతులు ముడుచుకు కూర్చున్నాయి. రాసింది చెరిపి మళ్ళీ రాయాలంటే చిప్పుని అరగంట ప్రత్యేకమైన దీపం కింద పెట్టాలి. వచ్చిన పెద్దలకి అంత ఓపిక లేదు.

"గల్తీ కిస్‌కీ హై?" తప్పెవరిదని అడిగాడు చద్దా.

అప్పటికి ఒకరి త్యాగం ఒకరికి తెలిసి ఇద్దరి కళ్ళూ చెమర్చి ఉన్నాయి. "మేరీ, సర్" అన్నారు ఒక్కసారే. వాళ్ళ బోర్డులు దరువు కలిపి చెయ్యాల్సిన పని వాళ్ళ నోళ్ళు చేశాయి.

ఆ ఆఫీసులో తప్పు నాదని ఒప్పుకున్న మనిషి అదివరకు పుట్టలేదు. చద్దా కాసేపు తికమకపడి, ఆనక ఇద్దరి మాటా నమ్మాడు. బోర్డులు బీరువాలోకి వెళ్ళాయి, వీళ్ళు టెంపరరీలుగానే మిగిలారు. ఏ తప్పూ చెయ్యని వాడెవడా అని వెతికితే సెలవులో ఉన్న బసవపున్నయ్య దొరికాడు, పర్మనెంటూ క్వార్టరూ ఆయనకే దక్కాయి.

సాయంత్రం వీధి కుళాయి దగ్గర కస్తూరి బిందె దించి, "వదినా, మా ఆయన్ని తగ్గి శనివారమే రాత మార్చెయ్యమంది నేనే. మీకు తెలియనివ్వొద్దని కూడా చెప్పాను" అంది.

"నేనూ అదే చెప్పాను" అంది అన్నపూర్ణ. ఆపైన నిండిన బిందె చంకనెత్తుకుని మెట్ల దారి పట్టింది.

ఆ క్వార్టర్లో కుళాయికి ఇప్పుడు బసవపున్నయ్య రెండో కోటు వేలాడుతోంది.