ఐదుసార్లు నొక్కితే

శరణ్య అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒకే ఒక్కదానికి: బిడ్డకు ఏదైనా అయి తాను పిలిస్తే, ఢిల్లీలో ఎవరూ రాకపోతే? వడగాలి అన్నా, ఇంటి ఓనరమ్మ హిందీ అన్నా మొదట్లో భయమే గానీ వాటికి అలవాటు పడింది. దీనికి మాత్రం అలవాటు పడలేదు.

ఆ ఉదయం ఆమె భర్త క్రాంతి గురుగ్రామ్ ఆఫీసుకు సెలవు పెట్టి, పరీక్షకు వెళ్ళేవాడిలా తయారయ్యాడు. కొత్త ఐఫోన్ విడుదల ఆ రోజే. వసంత్ కుంజ్ మాల్లో పొద్దున్నే వరుస కడతారట. శరణ్య పాత ఆండ్రాయిడ్ ఫోన్ మార్చాలన్నది తేలింది గానీ, దేనికి మార్చాలన్నది తేలలేదు. అందుకే స్నేహితుడి ఐఫోన్ ఒకటి అడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"రెండూ చూసుకో. నా వంతు వచ్చేలోగా చెప్పు, ఐఫోనా, ఆండ్రాయిడా?"

"మీకు ఏది నచ్చితే అది తెండి."

"ఫోన్ నీది శరణ్యా. నువ్వే చెప్పాలి. రేపు నా మీద తోసేస్తే కుదరదు."

శరణ్యకు కెమెరాలతో పనిలేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఇంగ్లీషు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుంది. ఆమెకు కావలసింది ఒకటే. చంకలో కొడుకు చైతు, ఒక చెయ్యి ఖాళీ, ఒంటినిండా కంగారు ఉన్నప్పుడు ఏ ఫోన్ మాట వింటుంది? పక్క మీట ఐదుసార్లు నొక్కితే పోలీసులకూ, ఫోన్‌లో పెట్టిన చుట్టాల నంబరుకూ కబురు వెళ్ళి సాయం వస్తుందనీ, రెండింట్లోనూ అంతేననీ క్రాంతి చెప్పాడు. నొక్కి చూసి, కాల్ వెళ్ళేలోగా ఆపేద్దామనుకుంది.

ఐఫోన్ మీట ఐదుసార్లు నొక్కగానే అది సైరన్‌లా కూయడం మొదలుపెట్టింది. ఏడాదిన్నర చైతు కెవ్వుమన్నాడు. తెర మీద అంకెలు తరిగిపోతున్నాయి. ఎక్కడ ఆపాలో చదివే ఓపిక లేక, శరణ్య ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. కూత ఆగింది. డబ్బాలోంచి ఒక మగ గొంతు, "హలో, బోలియే, క్యా హువా?" అని ఏమైందో అడిగింది.

"కుఛ్ నహీ భయ్యా, ఏమీ లేదు," అని ఆమె డబ్బాకు చెప్పింది.

బియ్యంలోకి ఆ మాట చేరలేదు. చైతు ఏడుపు చేరింది.

క్రాంతికి చెబుదామని తన ఫోన్ అందుకుంది. తెర వెలగలేదని పక్క మీట టకటకా నొక్కింది. ఎన్నిసార్లు నొక్కిందో ఆమె లెక్కపెట్టలేదు. ఫోన్ లెక్కపెట్టింది.

ముందుగా కింది అంతస్తులోని తెలంగాణ సరోజ ఆంటీ నెబులైజర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏమైంది బిడ్డా? పోరనికి ఊపిరి ఆడ్తలేదా?"

"ఏం కాలేదు ఆంటీ, ఫోన్ చూస్తున్నానంతే."

"గాబరాల అందరు గట్లనే అంటరు," అంటూ ఆమె చైతు ముఖానికి మాస్కు తగిలించింది. ఏడుపు రెట్టింపయింది.

తర్వాత కంటోన్మెంట్ నుంచి సుబేదారు సదాశివరావు దిగాడు. క్రాంతికి వరసకు బాబాయి. మాస్కు చూడగానే పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు.

"నువ్వేం మాట్లాడకమ్మాయ్. బండి కింద ఉంది. ఆసుపత్రిలో చెప్పేశాను."

"మామయ్యగారూ, వాడు బాగానే ఉన్నాడండీ."

"బాగున్నవాడికి మాస్కెందుకు?"

ఆమె జవాబు చెప్పేలోగా, వాళ్ళుండే మునిర్కా గల్లీల్లో ఇల్లు దొరక్క తిరిగి తిరిగి ఒక కానిస్టేబుల్ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. ఏడుస్తున్న పిల్లవాణ్ణీ, వాణ్ణి ఎత్తుకుపోబోతున్న మనిషినీ చూసి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"పతి కహాఁ హై?" అని భర్త గురించి అడిగాడు.

"మొబైల్ లేనే గయే," అని, ఫోన్ కొనడానికి వెళ్ళాడని చెప్పింది.

అతను ఆమె చేతిలోని ఫోన్ చూశాడు. "యే క్యా హై? ఔర్ దూస్రా?" అని రెండోదెక్కడో అడిగాడు.

"చావల్ మే," అంది శరణ్య, బియ్యం డబ్బా చూపిస్తూ.

కానిస్టేబుల్ అక్కడున్నవాళ్ళందరినీ ఒకసారి పరిశీలించి క్రాంతి నంబరు అడిగాడు. స్విచ్ ఆఫ్. రాత్రంతా రెండు ఫోన్లనూ పోల్చే వీడియోలు చూసి క్రాంతి చార్జింగ్ పెట్టడం మరిచాడు. భార్య పోలీసుల్ని పిలవడం, భర్త మాయమవడం కలిపి చూస్తే కానిస్టేబుల్‌కు ఒకటే అర్థం తోచింది: భర్త కొట్టి పారిపోయాడు.

"నాకు ముందే అనుమానం," అంది సరోజ. "ఎప్పుడు చూసినా నవ్వుకుంటనే తిరుగుతడు."

"మావాడు అలాంటివాడు కాదు," అన్నాడు సదాశివరావు. పిల్లవాణ్ణి మరో చంకకు మార్చుకుని, "అయినా కనుక్కుంటాను," అన్నాడు.

శరణ్య బియ్యంలోంచి ఐఫోన్ తవ్వి తీసి, జరిగిందంతా వచ్చీరాని హిందీలో చెప్పింది. ముగ్గురూ డబ్బా వైపు చూశారు. చైతు ఒక్కడే మాస్కు కొరుకుతూ నవ్వాడు.

తిడతారనుకుంది. ఎవరూ తిట్టలేదు. ఆమె గిన్నెడు చాయ్ పెట్టి, భయపడుతూనే అడిగింది. "ఇంతకీ ఏ ఫోన్ ముందు పిలిచింది ఆంటీ?"

"ఫోనెవరు చూసిండ్రు? పోరడు ఏడుస్తుంటే ఇనొచ్చింది, ఉరికొచ్చిన."

"నన్ను పిలిచింది ఫోన్ కాదు, ఈ అమ్మాయే," అన్నాడు సదాశివరావు.

కానిస్టేబుల్‌కు మాత్రం రెండు ఫోన్ల నుంచీ కబురు వచ్చింది. అందుకే రెండు గొడవలనుకున్నాడట. భర్త వచ్చి స్వయంగా ముఖం చూపిస్తేనే కదులుతానని చెప్పి, రెండో కప్పు చాయ్ అందుకున్నాడు.

శరణ్య చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. కప్పులు సరిపోలేదు.

మీలో ఎవరైనా వసంత్ కుంజ్ మాల్ వైపు వెళ్తే, అక్కడి వరుసలో నీలం చొక్కాతో, ఆరిపోయిన ఫోన్‌తో భార్య జవాబు కోసం చూస్తున్న క్రాంతిని ఒకసారి పలకరించండి. ఏదో ఒకటి కొనుక్కుని త్వరగా రమ్మనండి, పోలీసాయన చాయ్‌కి చక్కెర అయిపోవచ్చింది.