ఆంధ్రా హాలు గోడల్లో కార్బన్

ఆ ఆదివారం ఉదయం బలరాం గారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, మనవరాలిని వెంటబెట్టుకుని భిలాయి సెక్టర్ 6లోని ఆంధ్రా హాలుకి వెళ్లడం, పదకొండు గంటల మీటింగులో ఆ పిల్ల చేత నాలుగు మాటలు చెప్పించడం, పులిహోర తిని ఇంటికి రావడం.

ఆ నాలుగు మాటల మీదే హాలు బతుకు ఆధారపడి ఉంది. స్టీలు ప్లాంటులో పని కోసం వచ్చిన తెలుగువాళ్లు 1968లో కట్టుకున్న హాలు అది. ఇప్పుడు స్లాబు కారుతోంది, కిటికీలు తుప్పుపట్టాయి. దాన్ని కూల్చేసి మూడంతస్తుల ఏసీ హాలు కట్టాలని సంఘం సెక్రటరీ రామచంద్రరావు పట్టుబట్టాడు. ప్లాంటులో ఇనుప రాడ్లు తీసే మర్చంట్ మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైన బలరాం గారు మాత్రం ఉన్నదాన్నే బాగుచేసుకుందామంటారు. ఎందుకని అడిగితే, "ఎందుకంటే ఏటి సెప్పను? మనం కట్టుకున్నది కదేటి!" అనడమే తప్ప ఆయన దగ్గర వేరే వాదన లేదు.

వాదన మనవరాలు భాగ్యరేఖ దగ్గర ఉంది. ఆమె రాయపూర్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తుంది. ఒక భవనం పుట్టిన నాటి నుంచి కూలేదాకా ఎంత కార్బన్‌ని గాల్లోకి వదులుతుందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. ఇటుక కాల్చిన పొగ, సిమెంటు, ఇనుము, సామాను మోసిన లారీలు, అరవై ఏళ్లు తిరిగే ఫ్యాన్లు, మధ్యలో మార్చే కిటికీలు, చివరికి శిథిలాలు ఎత్తుకెళ్లే డంపరు దాకా అన్నీ అందులోకి వస్తాయి. వారం రోజులు హాలు గోడలు తట్టి, కొలిచి లెక్క పూర్తిచేసింది. చిక్కల్లా ఒక్కటే. భిలాయిలో పుట్టిన పిల్ల కనుక హిందీ గలగలా మాట్లాడుతుంది, తెలుగు తడుముకుంటుంది.

పది గంటలకి బయల్దేరబోతూ చెప్పింది. "తాతా, హాల్ గోడల్లో, స్లాబ్‌లో రెండొందల అరవై టన్నుల కార్బన్ ఉంది. తోడేశామంటే, అదే, కూల్చేశామంటే అంతా బయటికే. మీరు ఫికర్ చెయ్యకండి, మీటింగ్‌లో నేను సంఝాయిస్తాను."

రెండొందల అరవై టన్నులు! ఇంత గొప్ప సంగతి ఒక్కరే మోయలేక బలరాం గారు వెంటనే స్నేహితుడు కొర్నేలికి ఫోన్ చేశారు.

"కొర్నేలీ, విన్నావా? మన హాలు గోడల్లో కార్బన్ ఉన్నాదట. రెండొందల అరవై టన్నులు. గోడ పగలగొడితే అంతా బయటికొచ్చేస్తాదట."

కొర్నేలి ముప్పై ఒక్క ఏళ్లు ప్లాంటులో గ్యాస్ సేఫ్టీ చూసినవాడు. ఆయన చెవికి కార్బన్ అంటే మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోయే వాసన లేని విషవాయువు ఒక్కటే. గొంతు తగ్గించి అడిగాడు. "మోనాక్సైడా, డయాక్సైడా అన్నా?"

బలరాం గారు ఫోన్ మీద చెయ్యి పెట్టి మనవరాలిని అడిగారు. ఆమె చెప్పులు తొడుక్కుంటూ, "డయాక్సైడ్ ఈక్వివలెంట్ తాతా" అంది.

"ఈక్వివలెంటట" అని అందించారాయన.

"అంటే ఏదో ఇంకా తేలలేదన్నమాట! అది మరీ డేంజర్!" అని కొర్నేలి ఫోన్ పెట్టేశాడు. ఆ సమయానికి హాల్లో ఆయన భార్య మరియమ్మ రెండు వందల మందికి వంట చేయిస్తోంది. మూడు పొయ్యిలు భగభగ మండుతున్నాయి.

స్కూటరు మీద హాలు చేరిన కొర్నేలి, మెడలోని విజిల్ ఊదుకుంటూ లోపలికి దూకాడు. "పొయ్యిలార్పండి! స్విచ్చి ఒక్కటి కూడా ముట్టుకోవద్దు!"

"ఏంటండీ ఈ గోల? పులిహోరకి ఇంకా తాలింపు పెట్టలేదు" అంది మరియమ్మ.

"గోడల్లో గ్యాసుందే మరియా! తాలింపు పెడితే మనమే తాలింపు!"

ఆయన ఆమె చేతిలోని పసుపు చిటికెడు తీసుకుని గుమ్మంలో ఎగరేశాడు. పసుపు తూర్పుకి పోయింది. "గాలి తూర్పుకి! గాలికి అడ్డంగా, మైదానంలోకి!" అని అరిచాడు.

అప్పుడు జరిగినదాన్ని చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. మీటింగుకి ముందే వచ్చి కూర్చున్న డెబ్బై దాటిన మోకాళ్లు, కర్రలు, వాకర్లు ఒక్కసారిగా లేచాయి. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ అరవలేదు. ప్లాంటులో ఏళ్ల తరబడి చేసిన డ్రిల్లు ఒంట్లోంచి దానంతటదే బయటికొచ్చింది. మైదానంలో డిపార్టుమెంటు వారీగా వరుసలు కట్టారు. "కోక్ ఓవెన్!" అని కొర్నేలి కేకేస్తే "పదకొండు!" అని జవాబొచ్చింది. "బ్లాస్ట్ ఫర్నేస్!" అంటే "పద్నాలుగు!" అన్నారు. హాలు ఖాళీ కావడానికి మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వనజాక్షమ్మ గారు తల బరువుగా ఉందన్నారు. పొద్దుట్నుంచి ఆవిడకి టీ అందలేదు. అయినా ఆ మాట విన్న రెండు నిమిషాల్లో పదిహేడు మందికి తలనొప్పి వచ్చింది. ఎవరో ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశారు. పక్క వీధి క్వార్టర్లవాళ్లు గ్యాస్ సిలిండర్లు మోసుకుంటూ రోడ్డెక్కారు.

సరిగ్గా అప్పుడే బలరాం గారూ, భాగ్యరేఖా ఆటో దిగారు.

"ఏటైందండీ?" అని ఆయన ఒకరిని ఆపి అడిగారు.

"హాల్లో విషగ్యాసట బాబూ! రెండొందల అరవై టన్నులు!"

భాగ్యరేఖ ముఖం పాలిపోయింది. "తాతా, అది నా నంబర్!"

ఆమె ఎవరికి చెప్పబోయినా వినే నాథుడు లేడు. ఈలోగా రామచంద్రరావు కాగితం తీసి వరుసల వెంట తిరుగుతున్నాడు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను. ఇంజనీరు అమ్మాయే గ్యాసుందని తేల్చేసింది. కూల్చడానికి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టండి." చూస్తూండగా నూట నలభై సంతకాలు పడ్డాయి. హాలుని బతికించడానికి ఆమె వారం రోజులు కట్టిన లెక్కే దాని పీకకు ఉరి బిగిస్తోంది.

గంటలు మోగించుకుంటూ రెండు ఫైరింజన్లు వచ్చాయి. ఆఫీసరు ముసుగు తగిలించుకుని, గ్యాసు పసిగట్టే మీటరుతో లోపలికెళ్లాడు. పావుగంట తర్వాత ముసుగు తీసేసి బయటికొచ్చాడు. "జీరో" అన్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో మీటరు కీచుకీచుమని మొదలెట్టింది. జనం వెనక్కి తగ్గారు. ఆయన మీటరుని అటూ ఇటూ తిప్పి, చెట్టు కింద ఆగి ఉన్న కారు వెనక, పొగగొట్టం దగ్గరికి వెళ్లాడు. ఎండకి ఓర్వలేక, సంతకాల కాగితంతో అందులో చేరిన రామచంద్రరావు, ఇంజన్ ఆన్ చేసుకుని ఏసీలో కూర్చున్నాడు.

"సాబ్, గాడీ బంద్ కీజియే" అన్నాడు ఆఫీసరు మర్యాదగా. "గ్యాస్ యహీఁ హై."

బండి ఆపమని, గ్యాసున్నది ఇక్కడేనని ఆయన అనగానే మైదానమంతా నవ్వింది. కొర్నేలి మాత్రం తల దించుకున్నాడు. పడిన సంతకాలు కూడా పడినట్టే ఉన్నాయి. భాగ్యరేఖ ఆఫీసరుని అడిగి ఫైరింజన్ మైకు తీసుకుంది.

"గోడల్లో గ్యాస్ లేదు. మాఫ్ చెయ్యండి, నా తెలుగు తప్పు. ఆ రెండొందల అరవై టన్నులు ఈ హాల్ కట్టినప్పుడే పైకి వెళ్లిపోయాయి. చాలామట్టుకు ఇంకా పైనే ఉన్నాయి." ఆమె వేలెత్తి చూపించింది. రెండు వందల తలలు ఆకాశం వైపు లేచాయి. "ఈ హాల్ పుట్టడానికి అంత పొగ అయింది. కూల్చి కొత్తది కడితే, అరవై ఏళ్ల కరెంట్‌తో కలిపి ఇంకో రెండు వేల టన్నులు. బాగుచేసుకుంటే నాలుగొందల యాభై. బస్, అంతే, ఇదే చెప్దామని వచ్చాను."

కోక్ ఓవెన్ వరుసలోంచి మనోహర్ గారు అడిగారు. "ఇనుము లెక్క ఎలగ తీసేవమ్మా?"

"అందాజ్‌గా, అంకుల్. అప్పటి కాగితాలు దొరకలేదు."

"అందాజేటి!" అన్నారు బలరాం గారు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది. "ఇరవై రెండు టన్నుల రాడ్లు. మా షిఫ్టులోనే దిగేయి. ఎర్రగా, పాముల్లాగ వచ్చేవి. సూస్తే కళ్లు సెదిరిపోయేవి."

"దానికి బొగ్గు కాల్చింది మేం" అన్నారు మనోహర్ గారు. నందిని గనుల నుంచి సున్నపురాయి పంపింది తన భర్త అని వనజాక్షమ్మ గారు చెప్పారు. తలనొప్పి మాట ఆవిడకి గుర్తే లేదు. ఇటుకలు ఉతై ఊరి బట్టీలోవని ఇంకొకరన్నారు. భాగ్యరేఖ లారీలని రాసుకుంది, అవి వచ్చింది ఎడ్లబళ్ల మీద. స్లాబుకి మిక్సరు వాడలేదు. తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా రెండు వందల కుటుంబాలు నిలబడి, చేతి నుంచి చేతికి తట్టలు అందించుకున్నాయి.

భాగ్యరేఖ ఫైరింజన్ మెట్టు మీద కూర్చుని రాస్తూనే ఉంది. పుస్తకాల్లోంచి తీసిన ప్రతి అంకె వెనకా ఒక మనిషి లేచి నిలబడుతున్నాడు. డీజిలు కొట్టేసింది, మిక్సరు కొట్టేసింది. రెండొందల అరవై కాస్తా రెండొందల నలభై ఒకటైంది. ఎప్పుడు వెళ్లారో గాని, ఆ ముసలివాళ్లలో కొందరు హాలు గోడకి అరచేతులానించి నిలబడ్డారు, జ్వరం చూస్తున్నట్టు.

"ఒరే రామచంద్రం, స్లాబు వేసిననాటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావురా. వద్దన్నా వినకండా తట్టలందించింది" అన్నారు వనజాక్షమ్మ గారు.

రామచంద్రరావు చాలాసేపు స్లాబు వైపు చూశాడు. తర్వాత కాగితం తీసి అందరికన్నా పైనున్న తన సంతకమే ముందు కొట్టేసి, కలం పక్కవాళ్లకిచ్చాడు.

కొర్నేలి ఆఫీసరు దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. ఆఫీసరు ఆయన క్షమాపణ వినిపించుకోలేదు. మూడు నిమిషాల నలభై సెకన్లలో హాలు ఖాళీ చేయించింది మీరేనా, మా కుర్రాళ్లకి వచ్చి నేర్పుతారా అని అడిగాడు.

హాలు బాగుచేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. నెల తర్వాత భాగ్యరేఖ ఇచ్చిన తుది నివేదికలో, మరమ్మతుల ఖాతా కింద, రెండు ఫైరింజన్లు వచ్చి వెళ్లిన డీజిలు కూడా ఉంది.