చెవులు బీరువాలో, పేషెంటు మంచం మీద

ఆసుపత్రిలో పేషెంటుకు చెవులెందుకండీ?

కోపం తెచ్చుకోకుండా నిదానంగా ఆలోచించండి. పరీక్షలు చేసేది మిషన్లు. రిపోర్టులు చదివేది డాక్టర్లు. మందులిచ్చేది మేం. కంగారుపడేది బంధువులు. ఇక పేషెంటుకు మిగిలిన పనేముంది? పడుకోవడమే కదా! పడుకోవడానికి చెవులతో ఏం పని?

నేను నర్సుని. వార్డులో ఎక్కువ మాట్లాడను, చూస్తూ ఉంటాను. అలా చూసీ చూసీ ఒక సంగతి తేల్చుకున్నాను. ఈ కాలంలో వైద్యం సాధించిన అసలైన విజయం స్కానింగ్ మిషను కాదు. జిప్ కవరు! అవును, ప్లాస్టిక్ జిప్ కవరే.

మా ఆసుపత్రిలో పెద్దవాళ్ళెవరైనా చేరగానే వాళ్ళ కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, చెవి మిషను తీసి ఆ కవర్లో వేస్తాం. బంధువుల చేతికిచ్చి, "జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళండి" అంటాం. వస్తువు పోతే మాట పడాల్సింది మేమే కాబట్టి పైవాళ్ళు పెట్టిన నియమం ఇది. ఎంత లోకోపకారం చేశారో పాపం పెట్టినవాళ్ళకే తెలియదు!

కళ్ళజోడు పోయిందా, ఇక పేషెంటు మాత్రల అట్టను తిప్పి తిప్పి చదవడు. పెద్ద డాక్టరుగారూ, నేల తుడిచే ఆయనా ఒకేలా మసకగా కనిపిస్తారు. ఇద్దరికీ ఒకటే నమస్కారం! ఇంతకన్నా సమానత్వం ఇంకెక్కడైనా చూశారా? పళ్ళు పోయాయా, ఏం చెప్పినా ఎవరికీ అర్థం కాదు. అర్థం కాని మాటకు మనకు నచ్చిన అర్థం చెప్పుకోవచ్చు.

చెవి మిషను పోవడం మాత్రం అన్నిటికన్నా మేలు. వినపడని మనిషి ఏం చేస్తాడు? తల ఊపుతాడు. కాస్త మర్యాదస్థుడైతే నవ్వుతూ ఊపుతాడు. "పేషెంటు ఒప్పుకున్నారు" అని మేం ముందుకు సాగిపోతాం.

నర్సింగ్ స్కూల్లో మాకు నాలుగు నీతి సూత్రాలు నేర్పారు. రోగి ఇష్టాన్ని గౌరవించాలి. మేలు చేయాలి. కీడు చేయకూడదు. అందరినీ సమానంగా చూడాలి. ఇవన్నీ ఒకేసారి కుదిరేదెలాగా అని బట్టీ పడుతూ తల బద్దలుకొట్టుకున్నాం. జిప్ కవరు ఒక్క దెబ్బకు సాధించేసింది! పేషెంటు ఇష్టమేమిటో బయటికే రాదు కాబట్టి దాన్ని కాదనే పాపం మాకు లేదు. ఏ మాటా లోపలికి పోదు కాబట్టి మనసుకు మేలు. చెడువార్త చెవిన పడదు కాబట్టి కీడు లేదు. ఇక సమానత్వం అంటారా, కవరు అందరికీ ఒకటే సైజు.

ఇవి చాలవన్నట్టు, నర్సు పేషెంటు తరఫున నిలబడి మాట్లాడాలని కూడా చెప్పారు. కొడుకు, కోడలు, అల్లుడు, వీడియో కాల్లో మేనత్త, చివరికి పక్క మంచం వాళ్ళ బావమరిది కూడా పేషెంటు తరఫున మాట్లాడుతుంటే మధ్యలో నర్సు నిలబడడానికి చోటేదండీ?

ఇంత చక్కగా సాగుతున్న మా వార్డుకి ఈ మధ్య ఒక కొత్త సిస్టర్ వచ్చింది. ఆమె వల్ల జరిగిన నష్టం మీకు చెప్పి తీరాలి.

కిటికీ పక్క మంచం మీద ఒక టైలరమ్మ ఉంది. ఈ వయసులోనూ కుట్టుమిషను వదలని మనిషి. షుగరు ముదిరి కుడికాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. చెవి మిషను నియమం ప్రకారం ఇంట్లో బీరువాలో క్షేమంగా ఉంది.

రౌండ్సుకొచ్చిన పెద్ద డాక్టరుగారు ఆవిడ కొడుకుతో అన్నారు. "రెండు దారులున్నాయి. వేళ్ళు మాత్రం తీసి చూడొచ్చు, కానీ పుండు పైకి పాకితే మళ్ళీ ఆపరేషన్ తప్పదు. పాదం తీసేస్తే దాదాపు ఒకేసారి అయిపోతుంది. ఏమంటారు?"

"ఒకేసారి అయిపోనివ్వండి సార్. మళ్ళీ మళ్ళీ అమ్మని బాధపెట్టడం ఎందుకు?" అన్నాడు కొడుకు. మంచివాడే. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

డాక్టరుగారు మంచం వైపు తిరిగి గొంతు పెంచారు. "ఏమ్మా, చేసేద్దామా?"

టైలరమ్మ నవ్వి తల ఊపింది.

చూశారా, ఒక పాదం సంగతి ఎంత సుఖంగా తేలిపోయిందో!

అప్పుడు నోరు విప్పింది మా కొత్త సిస్టర్. "సార్, ఆవిడకి వినపడదు. చెవి మిషను తెప్పించి అడుగుదాం."

నేను బుద్ధిగా ప్లాస్టరు ముక్కలు కత్తిరిస్తూ ఉండిపోయాను.

"తల ఊపారు కదమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? మంచం దగ్గరికి వెళ్ళి, డాక్టరుగారంత గొంతుతోనే, "అమ్మా, మీ కుట్టుమిషను అమ్మేద్దామా?" అని అడిగింది.

టైలరమ్మ నవ్వి తల ఊపింది.

డాక్టరుగారు "చెవి మిషను తెప్పించండి" అని పక్క మంచానికి వెళ్ళిపోయారు.

ఇక నష్టాలు మొదలు! కోడలు ఇంటికి పరుగెత్తింది. ఆపరేషన్ వాయిదా పడింది. థియేటర్లో సిద్ధం చేసిన కత్తులన్నీ పని లేక పడి ఉన్నాయి. "ఆ మిషను పోతే పూచీ నీదే, తెలిసిందా?" అని పెద్ద సిస్టర్ చీవాట్లు పెట్టింది.

చెవిలో మిషను పెట్టగానే టైలరమ్మ అన్న మొదటి మాట, "అబ్బ, ఈ ఫ్యాను ఇంత గోల చేస్తోందా!"

కొత్త సిస్టర్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, డాక్టరుగారు చెప్పిన రెండు దారులూ చెప్పింది. టైలరమ్మ నవ్వు ఆగిపోయింది. కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, నా పాదం తీసేయమన్నావా?"

"నీ మంచికేనమ్మా. రెండుసార్లు కోయించుకోలేవని..."

"కోయించుకునేది నేను కదరా! నన్నడగొద్దూ?"

"అడిగాం అత్తయ్యా, మీరు తల ఊపారు" అంది కోడలు.

"ఊపకపోతే ఇంకా గట్టిగా అరుస్తారు కదే! ఇంతమందిలో సిగ్గేయదూ?"

మళ్ళీ వచ్చిన డాక్టరుగారిని ఆవిడ తిన్నగా అడిగింది. "వేళ్ళు పోయినా పెడలు తొక్కగలను కదా బాబూ?"

"అలవాటు చేసుకోవాలమ్మా. తొక్కొచ్చు. కానీ పుండు పాకదని మాట ఇవ్వలేను."

"పాకితే అప్పుడు చూద్దాం. ఇప్పటికి వేళ్ళు తీయండి. అప్పుడు కూడా నన్నే అడగండి."

వేళ్ళే తీశారు. పుండు ఇంకా మానాలి. ఏమవుతుందో ఎవరమూ చెప్పలేం.

కానీ వార్డు మాత్రం పాడైపోయింది! టైలరమ్మను చూసి పక్క మంచం తాతగారు పళ్ళు తెప్పించుకున్నారు. ఎదుటి మంచం పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని, "సిస్టర్, ఈ మాత్ర ఇందాక వేశారుగా?" అంది. ఎంత అవమానం! చూస్తే నిజంగానే వేశాం. అది ఇంకా అవమానం.

అందుకే పైవాళ్ళకు నా విన్నపం. జిప్ కవరు సైజు పెంచండి, నోరు కూడా పట్టేలా. కొత్త సిస్టర్లు ఉద్యోగంలో చేరిన రోజే వాళ్ళ నోళ్ళు అందులో వేయించండి. నాబోటివాళ్ళవి ఎప్పుడో వేసేశారు. ఎవరి బీరువాలో ఉన్నాయో కూడా గుర్తులేదు.

మా నియమం గొప్పదని చివరికి ఆ టైలరమ్మే ఒప్పుకుంది తెలుసా? ఇంటికెళ్ళే రోజు వీల్‌చైర్లో కూర్చోబెట్టగానే కొడుకు మొదలుపెట్టాడు. "అమ్మా, ఇక కుట్టుమిషను జోలికి వెళ్ళకు. ఆర్డర్లు తీసుకోకు. ఇంట్లో కూడా ఎక్కువ తిరగకు..."

ఆవిడ నెమ్మదిగా చెవి మిషను తీసింది. జిప్ కవర్లో వేసింది. జిప్పు లాగింది. కొడుకు చెప్పేదానికల్లా నవ్వుతూ తల ఊపడం మొదలుపెట్టింది.

అంతా మా నియమం ప్రకారమే! తేడా చాలా చిన్నది. కవరు ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చుంది.